మీ స్వేచ్ఛ ఖరీదెంత?

విజన్ బోర్డు మీద కారు బొమ్మ అంటించడం తేలిక. ‘నెలకు ఎంత వస్తే ఉద్యోగం మానేయగలవు?’ అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. వ్యాపారంతో స్వేచ్ఛ సంపాదించాలనుకునే యువతకు ఈ మానిఫెస్టేషన్ ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ దెబ్బతీస్తుంది?

పొద్దున్నే ఫోన్ తెరవగానే ఓ రీల్. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు బీచ్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ‘రెండేళ్ల కిందట నేనూ మీలాగే ఆఫీసుకు పరుగెత్తేవాణ్ని. ఇప్పుడు నాకు బాస్ లేడు’ అంటాడు. ఎలా సాధించావయ్యా అంటే.. ‘యూనివర్స్‌ని అడిగాను, ఇచ్చింది’ అంటాడు. కింద ఓ లింకు. కోర్సు ఫీజు 4,999 రూపాయలు. ఈ రాత్రి 12 లోపు చేరితే సగమే!

మీరు ఆ రీల్ చూసేది ఏ సిటీ బస్సులోనో, మెట్రోలోనో. ముందురోజు మేనేజర్ అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంటుంది. అందుకే ‘బాస్ లేడు’ అన్న మాట సూటిగా వచ్చి తగులుతుంది. సొంతంగా ఏదైనా చేయాలి, సెలవు కోసం ఒకరిని బతిమాలుకోకుండా బతకాలి అనుకోవడంలో తప్పేం లేదు. మంచి కోరికే. కానీ రాజీనామా మెయిల్ పంపేముందు ఆగి చూడాల్సింది ఒకటుంది. ఇక్కడ పందెంలో ఉన్నది మీ జీతం ఒక్కటేనా? ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ, నెలనెలా ఇంటికి పంపే డబ్బు, చెల్లి పెళ్లి కోసం అమ్మ కడుతున్న చీటీ.. అన్నీ అందులోనే ఉన్నాయి.

ఈ మాట ఎక్కడ పుట్టింది?

మానిఫెస్టేషన్ అంటే సింపుల్‌గా.. ఒకటి కావాలని గట్టిగా కోరుకుని, అది ఇప్పటికే వచ్చేసినట్టు ఊహించుకుంటూ ఉంటే నిజంగానే మన దగ్గరికి వస్తుందనే నమ్మకం. ఇన్‌స్టాలో కొత్తగా కనిపించినా ఇది పాత సరుకే. 19వ శతాబ్దంలో అమెరికాలో ‘న్యూ థాట్’ పేరుతో మొదలైన ఆలోచనా ధోరణి దీనికి మూలం. వాలెస్ వాటిల్స్ 1910లో ‘ది సైన్స్ ఆఫ్ గెట్టింగ్ రిచ్’ రాశాడు. అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజుల్లో, 1937లో, నెపోలియన్ హిల్ ‘థింక్ అండ్ గ్రో రిచ్’ వచ్చింది. వాటిల్స్ పుస్తకం చదివి స్ఫూర్తి పొందిన రోండా బర్న్ 2006లో ‘ది సీక్రెట్’ను సినిమాగా, పుస్తకంగా తెచ్చింది. అక్కడి నుంచి ఈ మాట ప్రపంచమంతా పాకింది. కోరికను పొద్దున 3 సార్లు, మధ్యాహ్నం 6 సార్లు, రాత్రి 9 సార్లు రాయమనే ‘369’ పద్ధతి లాంటివి ఆ తర్వాత సోషల్ మీడియా పుట్టించిన ట్రెండ్‌లు.

ఒక్కటి గమనించండి. ఇలాంటి మాటలు ఎక్కువగా చెల్లుబాటయ్యేది చేతిలో పని లేనప్పుడు, ఉన్న పని నచ్చనప్పుడు. అంటే మనం బలహీనంగా ఉన్నప్పుడే. అందుకే ఎవరు చెబుతున్నారు, ఏం అమ్ముతున్నారు అన్నది చూసుకోవాలి.

చెక్కు రాసుకుంటే చాలా?

మానిఫెస్టేషన్ వీడియోల్లో తప్పకుండా వినిపించే కథ జిమ్ క్యారీది. ఈ హాలీవుడ్ నటుడు చేతిలో డబ్బుల్లేని రోజుల్లో ‘నటించినందుకు పారితోషికం’ అంటూ తన పేరున తానే కోటి డాలర్ల చెక్కు రాసుకున్నాడు. 1995 తేదీ వేసి పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఆ గడువుకు కాస్త ముందే ‘డంబ్ అండ్ డంబర్’ సినిమాతో అంత సంపాదించబోతున్నట్టు తెలిసిందట. 1997లో ఓప్రా విన్‌ఫ్రే షోలో ఈ సంగతి తనే చెప్పాడు.

ఇంతవరకూ ఆయన చెప్పిన కథే. కానీ రీల్స్‌లో కత్తిరించేసే ముక్క ఇంకోటుంది. అదే సంభాషణలో.. ఊహించుకుని, ఆ తర్వాత వెళ్లి శాండ్‌విచ్ తింటూ కూర్చుంటే కుదరదు అనే అర్థం వచ్చేలా కూడా ఆయన మాట్లాడాడు. టీనేజ్ నుంచే కామెడీ క్లబ్బుల స్టేజీలెక్కాడు. 1990 నుంచి ‘ఇన్ లివింగ్ కలర్’ అనే టీవీ షోలో పనిచేశాడు. చెక్కు పర్సులో ఉంది, పని మాత్రం స్టేజీ మీద జరిగింది. పైగా అలా చెక్కులు రాసుకుని ఏమీ కాలేకపోయిన వాళ్లను ఏ షోకూ పిలవరు కదా! గెలిచినవాళ్లను మాత్రమే చూసి సూత్రం తయారుచేస్తే లెక్క తప్పుతుంది.

కల కనడం వేరు, నమ్మకం వేరు

దీని మీద గట్టిగా పరిశోధన చేసిన మనస్తత్వవేత్త గాబ్రియేల్ ఓటింగెన్. న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్. కెరియర్ పేజీ చదివే మనకు బాగా పనికొచ్చే అధ్యయనం ఒకటి ఆమె సహ పరిశోధకురాలితో కలిసి 2002లో ప్రచురించారు. జర్మనీలో చదువు ముగించి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లను.. మంచి ఉద్యోగం వచ్చినట్టు ఎంత తరచుగా ఊహించుకుంటున్నారని అడిగారు. రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించారు. తియ్యటి ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లకే ఆఫర్లు తక్కువ వచ్చాయి. జీతాలూ తక్కువే. వాళ్లు పంపిన అప్లికేషన్లు కూడా తక్కువే!

2011లో హెదర్ కేప్స్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో దీనికి కారణం కొంత దొరికింది. కోరుకున్నది దక్కినట్టు ఊహించుకున్నాక, శరీరం పనికి సిద్ధమవడాన్ని సూచించే సిస్టాలిక్ రక్తపోటు పడిపోయింది. అంటే గమ్యం చేరిపోయాం అనుకుని ఒళ్లు రిలాక్స్ అయిపోతుందన్న మాట. ఇక పరుగెత్తేదెవరు?

ఇక్కడో మెలిక ఉంది. అదే 2002 అధ్యయనంలో ‘నాకు ఉద్యోగం వస్తుంది’ అని నమ్మకంగా అంచనా వేసుకున్నవాళ్లకు ఫలితాలు బాగున్నాయి. ఊహకూ, ఈ నమ్మకానికీ తేడా ఏంటి? నమ్మకం మీరు ఇప్పటిదాకా చేసిన పనిలోంచి పుడుతుంది. పది మందికి లోగోలు చేసిచ్చి ఉంటే, పదకొండో కస్టమర్ వస్తాడని నమ్మడానికి ఆధారం ఉంటుంది. ఒక్క లోగో కూడా చేయకుండా ఏజెన్సీ పేరు, ఆఫీసు రంగు, విజిటింగ్ కార్డు ఆలోచిస్తుంటే మాత్రం.. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మరి ఊహించుకోవడమే తప్పా? కాదు. ఏం ఊహించుకుంటున్నాం అన్నదే ముఖ్యం. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పరీక్షకు ముందు కొన్ని రోజులు, రోజుకు ఐదు నిమిషాలు కొందరు విద్యార్థులు మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నారు. ఇంకొందరు ఎప్పుడు, ఎలా కూర్చుని చదవాలో ఊహించుకున్నారు. మార్కులు మెరుగుపడింది రెండో గుంపుకే. ఇంటిని ఊహించుకోకండి, ఇంటికెళ్లే దారిని ఊహించుకోండి అని దీని సారాంశం.

టికెట్ దొరకని దీపావళి

దారి అంటే ఎలా ఉంటుందో మనవాడి కథలోనే చూద్దాం. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బిట్స్ పిలానీలో ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 2005 దీపావళికి హైదరాబాద్ వద్దామంటే బస్సు టికెట్ దొరకలేదు. ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ తిరిగితే అసలు సంగతి అర్థమైంది. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఏ ఒక్క ఏజెంటుకూ పూర్తిగా తెలీదు. ఆపరేటర్లకు ఫోన్లు చేసి కనుక్కోవాల్సిందే. ఓ చోట సీట్లు ఖాళీగా పోతున్నాయి, ఇంకోచోట ప్రయాణికుడు పండక్కి ఇంటికి వెళ్లలేకపోతున్నాడు.

ఫణీంద్ర, స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి దీని మీద పడ్డారు. బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే వాళ్లు ముందుకు రాలేదు. సరే, మేమే మీ టికెట్లు అమ్మిపెడతాం అని రూటు మార్చారు. 2006లో అలా మొదలైందే రెడ్‌బస్. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది. ఫణీంద్ర ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గానూ పనిచేశారు.

ఈ కథలో మొదటి అడుగు ‘నాకు స్వేచ్ఛ కావాలి’ కాదు. ‘ఈ టికెట్ ఎందుకు దొరకట్లేదు?’ అన్న ప్రశ్న. ఎవరి కష్టాన్నో తీరిస్తే వాళ్లు డబ్బిస్తారు. ఆ డబ్బులోంచి మీ స్వేచ్ఛ వస్తుంది. ఈ వరుస తిరగబడితే వ్యాపారం నిలబడదు.

ఇప్పుడు మీ లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఓ అమ్మాయి, ఊళ్లో అమ్మ చేసే పచ్చళ్లను బ్రాండ్‌గా అమ్మాలనుకుంది అనుకుందాం. ముందు తన నెల ఖర్చు:

- హాస్టల్, తిండి: 14,000
- ఇంటికి పంపేది: 8,000
- ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ: 9,000
- ఫోన్, బస్సు, మందులు, ఇతరాలు: 5,000

మొత్తం 36,000 రూపాయలు. ఇదీ తన స్వేచ్ఛ ఖరీదు.

ఇప్పుడు పచ్చడి సంగతి. అరకిలో సీసా 300కు అమ్ముతుంది. కాయలు, కారం, నూనె వగైరాలకు 140. సీసా, లేబుల్, ప్యాకింగ్ 30. కొరియర్ 60. ఇన్‌స్టా ప్రకటనలకు సీసాకు 20 పడిందనుకుందాం. మొత్తం 250. మిగిలేది 50. అంటే 36,000 మిగలాలంటే నెలకు 720 సీసాలు అమ్మాలి. రోజుకు 24. ఏడాదికి దాదాపు 26 లక్షల వ్యాపారం చేస్తే చేతికి మిగిలేది 4.32 లక్షలు. దారిలో పగిలిన సీసాలు, తిరిగొచ్చిన పార్సిళ్లు ఈ లెక్కలో లేనే లేవు.

భయపడ్డారా? లెక్క వేసేది భయపెట్టడానికి కాదు, దారి వెతకడానికి. ధర ఇంకో 30 పెంచగలిగితే సీసాకు 80 మిగులుతుంది, 450 సీసాలు చాలు. కొరియర్ లేకుండా దగ్గర్లోని అపార్ట్‌మెంట్లకు తనే అందిస్తే పాత ధరకే 110 మిగులుతుంది, 328 సీసాలతో గట్టెక్కొచ్చు. విజన్ బోర్డు మీద కారు బొమ్మ ఈ మాట చెప్పదు. కాగితం చెబుతుంది. వీడియో ఎడిటింగ్, ట్యూషన్, యాప్ తయారీ.. మీరు ఏది చేసినా ఈ లెక్క ఇలాగే వేయొచ్చు. మీ గంటకు ఎంత, నెలకు ఎన్ని గంటలు, అందులో డబ్బు వచ్చే గంటలు ఎన్ని?

ఇంకో అంకె కూడా రాసుకోండి. ఉద్యోగం మానేసేముందు కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి. పై ఉదాహరణలో అది 2.16 లక్షలు. వ్యాపారంలో పెట్టే పెట్టుబడి దీనికి అదనం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

మొహమాటమే మొదటి శత్రువు

ఓటింగెన్ తన పరిశోధనల ఆధారంగా నాలుగు మెట్ల పద్ధతి తయారుచేశారు. ఇంగ్లిష్ అక్షరాలు కలిపి ‘వూప్’ అంటారు. మన మాటల్లో: కోరిక, ఫలితం, అడ్డంకి, ప్లాన్. మొదటి రెండూ మానిఫెస్టేషన్‌లోనూ ఉన్నవే. తేడా అంతా మూడో మెట్టులో ఉంది. మీ లోపల ఉన్న ఏ లక్షణం మీకు అడ్డొస్తుందో నిజాయతీగా చెప్పుకోవాలి. తర్వాత ‘అలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే నిర్ణయించుకోవాలి. ఈ ‘అలా అయితే ఇలా’ పద్ధతి పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త పరిశోధనల నుంచి వచ్చింది.

మన దగ్గర ఆ లోపలి అడ్డంకికి చక్కటి పేరుంది. మొహమాటం! పిన్ని ఫోన్ చేసి ‘ఓ రెండు సీసాలు పంపించవే’ అంటుంది. డబ్బులడగలేం. ఫ్రెండ్ ‘మామా, మా షాపుకో వెబ్‌సైట్ చేసిపెట్టరా’ అంటాడు. నెల రోజులు పోతాయి. డబ్బివ్వాల్సిన క్లయింటుకు రెండోసారి గుర్తుచేయాలంటే నోరు రాదు. మొదటి ఏడాదిలో చాలా చిన్న వ్యాపారాలకు చిల్లు పడేది ఇక్కడే.

ప్లాన్ ఇలా ఉండొచ్చు. ‘బంధువులు అడిగితే, అలాగే పిన్నీ, రేటు వాట్సాప్ చేస్తున్నా అని వెంటనే పంపేస్తాను.’ ‘స్నేహితుడు పని చెబితే, సగం అడ్వాన్స్ వచ్చాకే మొదలుపెడతాను.’ ‘బిల్లు గడువు దాటితే, మర్నాడు పదింటికల్లా ఫోన్ చేస్తాను.’ ఊహించుకోవాలనుకుంటే ఈ ఫోన్ కాల్‌ను ఊహించుకోండి. మాట తడబడకుండా రేటు చెబుతున్నట్టు పదిసార్లు మనసులో నడిపించండి. ఇదీ పనికొచ్చే మానిఫెస్టేషన్.

బాస్ పోయాడు.. తర్వాత?

వ్యాపారంలో బాస్ ఉండడనుకుంటాం. నిజానికి ఒక్క బాస్ పోయి వందమంది వస్తారు. కస్టమరు ఓ బాస్. సరుకిచ్చేవాడు ఇంకో బాస్. ఇన్‌స్టా అల్గారిథమ్ మరో బాస్, అది రాత్రికి రాత్రి మారితే ఆర్డర్లు ఆగిపోతాయి. అందుకని స్వేచ్ఛను ఒకేసారి దూకే గోడలా చూడకండి. మూడు మెట్లుగా చూడండి.

మొదటి మెట్టు: వ్యాపారం డబ్బుతోనే నెల ఖర్చు, ఈఎంఐ గడవడం. రెండో మెట్టు: వేధించే కస్టమరుకు ‘కుదరదండీ’ అని చెప్పినా నెల గడవడం. మూడో మెట్టు: మీరు వారం రోజులు ఊరెళ్లినా ఆర్డర్లు ఆగకపోవడం. బీచ్‌లో ల్యాప్‌టాప్ ఫొటో మూడో మెట్టు మీద తీసింది. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లు ఉద్యోగంలో కన్నా ఎక్కువ గంటలే పనిచేస్తారు. ఇది ముందే తెలిస్తే మధ్యలో దిగులు పడరు.

ఉద్యోగంలో ఉంటూనే మొదటి మెట్టు ప్రయత్నించడం మంచిదే. కాకపోతే మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఓసారి తీసి చదవండి. బయటి పని మీద ఆంక్షలుంటాయి. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారంటూ 2022లో విప్రో 300 మందిని తొలగించింది. కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ సమయం మీ వ్యాపారానికి వాడకండి.

‘ఫ్రీడమ్’ అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఎవరైనా మీకు ‘ఫైనాన్షియల్ ఫ్రీడమ్’ చూపిస్తామంటే ఒక్క ప్రశ్న అడగండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? వస్తువో సేవో కొనే కస్టమరు నుంచి వస్తే అది వ్యాపారం. కొత్తగా చేరేవాళ్లు కట్టే డబ్బు నుంచి వస్తే అది వల. మనీ సర్క్యులేషన్ స్కీములను 1978 చట్టమే నిషేధించింది. డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్ స్కీములు నడపకూడదని 2021 నిబంధనలు చెబుతున్నాయి. హోటల్లో సెమినార్ పెట్టి, సూటు వేసుకుని, ‘నెగెటివ్‌గా ఆలోచించేవాళ్లకు దూరంగా ఉండండి’ అని మీ అమ్మానాన్నల మాట వినకుండా చేస్తున్నారంటే లేచి వచ్చేయండి. ప్రశ్నలు నెగెటివిటీ కాదు. లెక్క అడిగినవాణ్ని చూసి భయపడేది లెక్క లేనివాడే.

కోర్సుకు పెట్టే 4,999తో మీ మొదటి 20 సీసాలు తయారై, ప్యాకై, కస్టమరు ఇంటికి చేరతాయి. వాళ్లు మళ్లీ ఆర్డర్ ఇస్తారా, లేదా అన్నది ఏ కోర్సూ నేర్పని పాఠం.

ఈ వారం ఇలా మొదలుపెట్టండి

- మీ నెల ఖర్చు రూపాయితో సహా రాయండి. అదే మీ అంకె.
- అమ్మబోయే వస్తువు లేదా సేవ మీద ఒక్కోదానికి ఎంత మిగులుతుందో లెక్కగట్టండి. మీ అంకెను దాంతో భాగించండి.
- బంధువులు, స్నేహితులు కాని ముగ్గురికి డబ్బు తీసుకుని అమ్మండి. ‘సూపర్ ఐడియా’ అన్న మెచ్చుకోలు లెక్కలోకి రాదు. చేతికొచ్చిన డబ్బే లెక్క.
- మీ లోపలి అడ్డంకి ఒక్కటి రాసి, పక్కనే ‘అలా అయితే ఇలా’ వాక్యం రాయండి.
- ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. ఫీజు అడిగే సైట్లు నకిలీవో, దళారులవో అయి ఉంటాయి.
- తిండి పదార్థాలైతే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీఎస్టీ పరిమితి మీరు అమ్మేది వస్తువా సేవా, ఏ రాష్ట్రంలో, ఎక్కడికి అమ్ముతున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఓ ఆడిటర్‌ని కలిసి గంట మాట్లాడండి.
- అప్పు అవసరమైతే చేబదులు, లోన్ యాప్‌ల జోలికి వెళ్లకుండా ముందు బ్యాంకులో ముద్ర రుణం గురించి అడగండి. శిశు విభాగంలో 50 వేల వరకు ఇస్తారు.

ఇవన్నీ చేశాక, గోడ మీద విజన్ బోర్డు ఉంటే ఉండనివ్వండి. పొద్దున లేవగానే ఉత్సాహం ఇస్తే మంచిదే కదా. దాని పక్కనే మీ అంకె కూడా పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. దాని కింద నిన్న ఎన్ని అమ్మారో రోజూ రాయండి. మొదట్లో సున్నాలే ఎక్కువ కనిపిస్తాయి. ఓ రోజు రెండు అవుతుంది, ఓ రోజు ఐదు. ఆ అంకెలు మీ అంకెను దాటి, వరుసగా ఆరు నెలలు అక్కడే నిలబడితే.. అప్పుడు రాయండి రాజీనామా మెయిల్. ఆ రోజు ‘ఎలా బతుకుతావురా?’ అని నాన్న అడిగితే యూనివర్స్‌ని సాక్ష్యానికి పిలవాల్సిన పనుండదు. నోట్‌బుక్ తెరిచి చూపిస్తే చాలు.